నీడ ఏ వైపు

రోజూ సాయంత్రం అయిదున్నరకి
ఫోనులో ఒక ఫోటో వచ్చేది.
కింద రెండే మాటలు: "హ్యాపీ బాయ్."
మనామాలో రక్తం సీసాలకి చీటీలు అంటిస్తూ
చేతి తొడుగు విప్పి మరీ చూసేదాన్ని.
చింతపిక్క రంగు ఒళ్ళు, నుదుట ఉప్పుకల్లంత తెలుపు.
పాస్‌పోర్టులో వాడి పేరు సుల్తాన్.
నాకు మాత్రం చింతపిక్కే.

హమలాలో ఆ లాయం.
నెలకి నూట ఎనభై దినార్లు,
ఇంట్లో ఎవరికీ చెప్పని లెక్క.
తొలిరోజు మేనేజరమ్మ ఇంగ్లీషులో అన్నదాన్ని
నేను తెలుగులో విన్నాను: కంటికి రెప్పలా.
రెప్ప మూసుకునేది కూడా అని
అప్పుడు తోచలేదు.

ఆగస్టులో ఒక సాయంత్రం ఫోటోలో
వాడి నీడ సముద్రం వైపు పడి ఉంది,
సౌదీ వంతెన ఉన్న వైపు.
పొద్దు వాలేదీ అటే కదా.
వేళ్ళతో పెద్దది చేసి చూశాను.
పోయిన శనివారం నేనే కత్తిరించిన జూలు
అందులో ఇంకా కళ్ళ మీదికి వేలాడుతోంది.

నా పనే అది,
ఎవరో పంపిన సీసాని నమ్మకుండా
రెండోసారి చూడటం.
ఎనిమిది నెలలు ఆ ఒక్క చోట మానేశాను.

చెప్పకుండా వెళ్ళాను, మధ్యాహ్నం రెండింటికి.
ఫ్యాను ఆగి ఉంది. రెక్క మీద పావురం ఈక.
బకెట్ అడుగున నాలుగు వేళ్ళ నీళ్ళు,
వేడిగా, పాచి పట్టి, ఒక ఈగతో.
మెడ మీద చర్మం చిటికెతో పట్టి వదిలాను.
సర్దుకోలేదు. చిన్న గుడారంలా నిలబడింది.
ఒకటి. రెండు. మూడు. నాలుగు.
కాలు ఎత్తమంటే ఎత్తాడు, ఎప్పటిలాగే, అడగ్గానే.
గిట్ట అడుగున నల్లగా, మెత్తగా,
కుళ్ళిన ఉల్లిపాయ వాసన.
బిల్లులో మాత్రం గిట్టల సంరక్షణ, పన్నెండు దినార్లు,
నాలుగు నెలలుగా.

గడ్డిమోపుల చాటునుంచి పోశెట్టి వచ్చాడు.
మెట్‌పల్లి దగ్గర ఊరు.
"నమస్తే మేడం" దాటి ఎన్నడూ మాట్లాడనివాడు.
"జర నేను చెప్పిన్నని చెప్పకుండ్రి.
మోటర్ కరాబై ఆరొద్దులాయె.
ముప్పై రెండు గుర్రాలకు ఇద్దరం, బకిట్లతోని మోస్తున్నం.
ఒర్రేటియి ముందుగాల తాగుతయి మేడం.
మీదేమో ఒర్రది."

మీదేమో ఒర్రది.

మేనేజరమ్మ ఏసీ గదిలో నవ్వింది.
ఎండాకాలం కదా, గుర్రాలు డ్రామా చేస్తాయంది.
ఫోటో సంగతి అడిగితే
స్టాఫ్ పొరపాటు అంది.
స్టాఫ్ అంటే పోశెట్టి.
నేను అరవలేదు. నాకూ ఒర్రడం రాదు.
కాగితాలివ్వండి, వాణ్ణి తీసుకెళ్తాను అన్నాను.
సొరుగు లాగింది.
గుర్రం పాస్‌పోర్టు పైనే ఉంది.
దాని కింద, రబ్బరు బ్యాండు చుట్టి,
ముదురు నీలం అట్టలు కొన్ని,
మూడు సింహాలవి.
నాది నాకిచ్చి సొరుగు మూసింది.
ఆ చప్పుడు విన్నాను.
ఏమీ అనలేదు.

తెల్లవారుజామున ట్రైలర్ వచ్చింది.
చింతపిక్క ఎక్కనని మొండికేశాడు.
పోశెట్టి చెవిలో ఏం చెప్పాడో, ఎక్కేశాడు.
ఇరవై దినార్లు చేతిలో పెడితే
మడిచి బూటులో దోపుకున్నాడు.
"కొత్త జాగల నీళ్ళు జూడుండ్రి మేడం" అన్నాడు,
అప్పటికే రెండో చేతిలో బకెట్.

కొత్త లాయం జల్లాక్ వైపు. 
మొదటి రోజే చింతపిక్క
ముక్కు ముంచి, కళ్ళు మూసుకుని తాగాడు.
వాడికి నమ్మడం తేలిక.
నేను నీళ్ళలో వేలు ముంచి వాసన చూస్తాను.
చెప్పకుండా వెళ్తాను, మంగళవారం, మళ్ళీ గురువారం.
అక్కడి కుర్రాడు నన్ను చూసి
ప్రతిసారీ నిటారుగా నిలబడతాడు, పాపం.
పోశెట్టికి పంపిన చింతపిక్క ఫోటో పక్కన
మూడు వారాలుగా ఒకే టిక్కు.

నిన్న సాయంత్రం కొత్తచోటు నుంచి ఫోటో వచ్చింది.
గుర్రం కంటే ముందు
నేల చూశాను.